పోజీ ఉంగరమా, గిమ్మెల్ ఉంగరమా?

ఇప్పటి ప్రామిస్ రింగ్ కంటే చాలా ముందే యూరప్‌లో మాటిచ్చే ఉంగరాలు ఉన్నాయి. పోజీ ఉంగరం చూడ్డానికి మామూలు బంగారు చుట్టు, దాని మీద ఒక చిన్న ప్రేమ వాక్యం చెక్కి ఉంటుంది. 15 నుంచి 17వ శతాబ్దం దాకా ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో ప్రేమికులు ఇచ్చుకునేవారు. మొదట్లో అక్షరాలు ఎక్కువగా పైకి కనిపించేలా చెక్కేవారు, తర్వాత లోపలివైపుకు మారాయి. ఆ చిన్న ప్రేమ వాక్యం వేలికి తగులుతూనే ఉంటుంది, బయటివాళ్లకు మాత్రం కనిపించదు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మాట ఇచ్చింది ఒకరికే కదా, ఊరంతా చదవాల్సిన పనేముంది?

గిమ్మెల్‌లో రెండు, ఒక్కోసారి మూడు చుట్లు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. కొన్నింటిని కలిపితే రెండు చేతులు పట్టుకున్నట్టు కనిపిస్తాయి. 16, 17 శతాబ్దాల్లో బాగా నడిచాయి. నిశ్చితార్థానికి చెరొక చుట్టు పెట్టుకుని, పెళ్లిలో కలిపేవారని చెబుతారు. పనితనం చూడాలంటే ఇదే. పెళ్లి ఊసు ఇంకా రాని జంటకైతే పోజీయే నయం.