బేతంచెర్ల పిల్లల బొమ్మలతో అనంతపురం, నిమ్మలకుంట, లేపాక్షి

మాది బేతంచెర్ల దగ్గర ఊరు. నాపరాళ్ల గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం. అక్కడి హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. ఈమధ్య అనంతపురంలో స్కూలు పిల్లల చిత్రాల ప్రదర్శన పెడితే తొమ్మిది, పది తరగతుల పిల్లలు పదకొండు మందిని తీసుకెళ్లాం. అటు నుంచి అటే నిమ్మలకుంట, లేపాక్షి కూడా చూపించుకొచ్చాం. తమ బొమ్మల గురించి మా పిల్లలు చెప్పిన మాటలు విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. ఆ మాటల్ని అక్కడి పెద్దవాళ్లు విన్న తీరు తలుచుకుంటే కోపం ఇంకా తగ్గలేదు.

తోడుగా బయాలజీ మేడమ్, ఒక పిల్లాడి నాయన వచ్చారు. 17 సీట్ల టెంపో ట్రావెలర్‌ను మొత్తానికి 16,500కు మాట్లాడుకున్నాం. డీజిల్, టోల్, డ్రైవరు బత్తా అన్నీ అందులోనే. డోన్ మీదుగా హైవే ఎక్కాం. గుత్తి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు 40 రూపాయలు. ప్రయాణంలో చెప్పుకోవాల్సిన ఇబ్బంది ఏమీ లేదు.

ఇబ్బంది అనంతపురం లాడ్జిలో మొదలైంది. ఫోనులో గదికి 1,200 అని ఒప్పుకుని, పిల్లలు బ్యాగులు దించాక 1,600 అన్నారు. ముహూర్తాల సీజన్ అట. అదనపు పరుపుకు 250. వేడినీళ్లు బకెట్టుకు 30, అవి కూడా పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. ఆడపిల్లల గదిలో బాత్రూమ్ గడియ పడదు. మేడమ్ వెళ్లి చెబితే రెండు గంటల తర్వాత ఒకతను వచ్చి గడియకు తాడు కట్టి వెళ్లాడు. ఆ రాత్రంతా మేడమ్ నిద్రపోలేదు, కుర్చీ వేసుకుని తలుపు దగ్గరే కూర్చున్నారు.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 500 పట్టుకున్నారు. దుప్పటి మీద మరక ఉందని, "డ్రాయింగ్ పిల్లలు కదా, రంగులు పూశారు" అని. ఆ దుప్పటి తెప్పించి చూశాం. అంచున గోధుమరంగు మరక, చుట్టూ పసుపు వలయం. పదో తరగతి పిల్లాడు దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, "సార్, మా పెట్టెలో ఈ రంగు లేదు. ఇది ఇనుప మంచం తుప్పు. తడి దుప్పటి వేస్తే ఇట్లే దిగుతుంది" అన్నాడు. మంచం కోడు దగ్గరకు తీసుకెళ్లి చూపించాడు కూడా. మరక, తుప్పు సరిగ్గా ఒకే చోట ఉన్నాయి. అయినా డబ్బులు ఇవ్వలేదు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకెలు వేసి ఇచ్చారు. పిల్లలతో వెళ్లేవాళ్లు గది అద్దె, అదనపు పరుపు, వేడినీళ్లు, ఈ మూడూ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోను మాటను నమ్మొద్దు. గదుల్లోకి వెళ్లగానే దుప్పట్లను ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక ప్రదర్శన. హాలు బాగుంది, వెలుతురు బాగుంది, మధ్యాహ్నం భోజనం పెట్టారు. పద్ధతి ఏమిటంటే ప్రతి పిల్లా, పిల్లాడూ తన బొమ్మ పక్కన నిలబడాలి. న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు ఆ బొమ్మకు ప్రేరణ ఏమిటో రెండు నిమిషాల్లో చెప్పాలి. ఇది మంచి పద్ధతి. పిల్లల్ని మాట్లాడనిచ్చే పోటీలు మనకు చాలా తక్కువ. అందుకే అంత దూరం వెళ్లాం.

చాలా స్కూళ్ల నుంచి భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు, చెట్టు, ఎండిన నేల వచ్చాయి. పక్కన నిలబడ్డ పిల్లలు కాగితం మీద రాసిచ్చింది గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. కొందరు ఇంగ్లీషులో చెబుతూ మధ్యలో ఒక మాట మరచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. చూస్తుంటే బాధేసింది. ఆ పిల్లల చేతుల్లో పనితనం ఉంది. ఎవరో పెద్దవాళ్లు వాళ్ల నోట్లో మాటలు పెట్టి పంపారు.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి గీసింది వాళ్ల నాయన మొహం. మొహమంటే నుదురు, కళ్లు, అంతే. రంగు వేయలేదు. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు అరగదీసినప్పుడు నీళ్లతో కలిసి కారే బూడిదరంగు బురద ఉంటుంది. దాన్ని ఎండబెట్టి, జల్లించి, ఫెవికాల్‌తో కలిపి పూసింది. కనురెప్పల దగ్గర మాత్రం పొడిని అలాగే అద్దింది. దగ్గరికి వెళ్లి ఊదితే ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. ఆ అమ్మాయి చెప్పింది ఇది: "మా నాయన పని నుంచి వచ్చి మొహం కడుక్కోకముందు కాసేపు గుమ్మంలో కూచుంటాడు. అప్పుడు రెప్పల వెంట్రుకలు తెల్లగా ఉంటాయి. కడుక్కుంటే వయసు తగ్గినట్టు అవుతాడు. రెండు మొహాలూ మా నాయనవే. తెల్లగా ఉన్నప్పుడు ఎవరూ ఫోటో తీయరు, తీస్తామన్నా ఉండడు. అందుకని నేను గీసుకున్నాను."

న్యాయనిర్ణేతల్లో ఒకాయన తల ఊపి, "సరేనమ్మా, సందేశం ఏమిటి?" అన్నారు. పిల్లకు అర్థం కాలేదు. ఆయనే "కాలుష్యం మీదా?" అని అడిగి, జవాబు రాకముందే ఏదో రాసుకుని ముందుకు వెళ్లారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నాకు ఆ క్షణంలో అక్కడి నుంచి బొమ్మలన్నీ విప్పుకుని వచ్చేయాలనిపించింది. ఆ పాప నాయన మొహంలో కాలుష్యం తప్ప ఇంకేమీ కనిపించకపోతే బొమ్మ పక్కన పిల్లను నిలబెట్టడం ఎందుకు?

పదో తరగతి పిల్లాడిది యాగంటి శివాలయం బొమ్మ. మా వైపువాళ్లకు తెలిసిన కథే, అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకి కనిపించదంటారు. వీడు ఎర్రటి కొండ, కోనేరు గీసి, కొండ బయట, కాగితం చివర ఒక కాకిని పెట్టాడు. ఎందుకంటే, "మా తాతకు పిండం పెట్టినప్పుడు కాకి చానాసేపు రాలేదు. అందరూ ఏడుస్తున్నారు. తాతకు యాగంటి అంటే ఇష్టం. తాత అక్కడికి పోయుంటాడు, కాకి లోపలికి పోలేక బయట ఎదురుచూస్తుంటుంది, అందుకే ఆలస్యం అనుకున్నా" అన్నాడు. అప్పుడు వాడు ఆరో తరగతి అట. వాళ్లమ్మకు కూడా ఈ మాట ఎప్పుడూ చెప్పలేదట. దీనికి వచ్చిన ప్రశ్న, "కాకిని మరీ మూలకు వేశావేం? మధ్యలో ఉంటే బాగుండేది."

ఇంకో అమ్మాయిది వాళ్ల అవ్వ చేతులు, పచ్చబొట్లతో. ఎడమ చేతి మీద తేలు నిండుగా, ముదురు ఆకుపచ్చ సిరాతో ఉంది. కుడి చేతి మీది తేలు సగం దాకా సిరా, మిగతాది పెన్సిలు గీత కూడా లేకుండా ఖాళీ. అవ్వకు చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిచే ఆమె కుడి చెయ్యి మొదలుపెట్టగానే నొప్పికి ఏడ్చి లేచి పరిగెత్తిందట. ఆ సగం తేలు డెబ్భై ఏళ్లు దాటినా అలాగే ఉంది. "అవ్వ ఆ చెయ్యి ఎవరికీ చూపించదు. నాకు మాత్రం చూపించింది" అని పిల్ల చెబుతుంటే చుట్టూ ఉన్న తల్లిదండ్రులు దగ్గరికి జరిగి విన్నారు. మార్కుల కాగితంలో మాత్రం "చిత్రం అసంపూర్తి" అని రాశారు. అవ్వ చెయ్యి అలాగే ఉందని నేను వెళ్లి చెప్పాను. సమయం అయిపోయిందన్నారు.

బహుమతులు రాలేదు. దాని గురించి నాకు దిగులు లేదు. కానీ వ్యాన్‌లో పిల్లలు మాట్లాడుకోకుండా కూర్చోవడం నాకు నచ్చలేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వెళ్లాక పరిస్థితి మారింది. తోలుబొమ్మల ఊరు ఇది. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేము ఒక వృద్ధ కళాకారుడి ఇంటికి వెళ్లాం. మేక తోలును వేడినీళ్లలో శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడితే వెలుగు దూరేంత పలచన అవుతుంది. దాని మీద గీత గీసి, నగల దగ్గర చిన్న ఉలితో చిల్లులు కొడతారు. రంగు వేసిన తర్వాత ఎండకు ఎత్తి పట్టుకుంటే హారంలో ఒక్కో పూస వెలుగుతుంది. చేతులు, కాళ్లు విడివిడిగా కోసి దారంతో కలుపుతారు. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాడు, బంగారక్క బొమ్మల్ని ఆడించి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు.

వ్యాన్‌లో బొమ్మలు ఉన్నాయని తెలిసి, "తెచ్చి చూపించండ్రా" అన్నాడాయన. అరుగు మీద పరిచాం. నాయన మొహాన్ని చాలాసేపు చూశాడు. ఆ అమ్మాయిని అడిగిన మొదటి మాట, "పాపా, ఈ పొడి రాలకుండా ఏం కలిపినావు?" ఆ తర్వాత, "మీ నాయన చూసినాడా దీన్ని?" చూశాడని, చూసి ఏమీ అనకుండా మర్నాడు ఇంకో డబ్బా పొడి తెచ్చి ఇచ్చాడని చెప్పింది. ఈ సంగతి నాకే తెలియదు. హాల్లో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. కాకి బొమ్మ చూసి, "దూరంగా పెట్టినావు, మంచిది. తెర మీద కూడా ఎదురుచూసేవాణ్ని చివరనే నిలబెడతాం" అన్నాడు. ఆ పిల్లాడు సాయంత్రం దాకా ఆయన పక్కనుంచి కదల్లేదు. నాలుగు రకాల ఉలిదెబ్బలు నేర్చుకుని, తోలు ముక్క మీద కొట్టిన చిల్లుల వరస జేబులో పెట్టుకొచ్చాడు.

చూపించినందుకు ఆయన డబ్బు అడగలేదు. మేమే బడి కోసం 350కి చిన్న హనుమంతుణ్ని, 1,400కు ఒక దీపపు తొడుగును కొన్నాం. బేరం ఆడలేదు, మీరూ ఆడకండి. ఒక్క తొడుగులో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి మా పిల్లలు మధ్యలో వదిలేశారు.

పెనుకొండ దగ్గర రోడ్డుపక్క మెస్‌లో రాగి సంకటి, నాటుకోడి పులుసు 180. కోడి వద్దన్నవాళ్లకు సంకటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి) 90. వడ్డించే ఆమె అడక్కుండానే రెండోసారి ఊరిబిండి వేసింది. లాడ్జి నుంచి ముభావంగా ఉన్న మేడమ్ ఇక్కడే మామూలు మనిషయ్యారు. రాత్రికి హిందూపురంలో గది 900, వేడినీళ్లు ఎప్పుడు తిప్పితే అప్పుడు, బిల్లు చేతికిచ్చారు. అనంతపురంలో ఉండేకన్నా హిందూపురంలో ఉండటం మేలని నా గట్టి అభిప్రాయం. లేపాక్షి అక్కడి నుంచి 15 కిలోమీటర్లే.

లేపాక్షి వీరభద్రాలయంలో 500కు గైడును మాట్లాడుకున్నాం. అది దండగ. సగం సమయం, నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికే సరిపోయింది. ఆయన్ని పంపించేసి పిల్లల్ని బొమ్మలున్న కప్పు కింద నిలబెట్టాను. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, ఆయన అధికారి విరూపణ్ణ కట్టించిన గుడి ఇది. సున్నపు పూత మీద మట్టిరంగులు, చుట్టూ నల్లటి గీత. పార్వతీ కల్యాణంలో నిలబడ్డ స్త్రీల చీరలు చూడండి, ఎన్ని రకాల అంచులో. పొడవాటి కుళ్లాయిలతో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కూడా ఆ కప్పు మీదే ఉన్నారు. మెడలు నొప్పి పుట్టేదాకా పిల్లలు ఆ అంచుల్ని నోటుపుస్తకాల్లోకి దించుకున్నారు. పొద్దున తొమ్మిది లోపు వెళితే వెలుతురు పక్కనుంచి పడి రంగులు బాగా తెలుస్తాయి, జనం కూడా ఉండరు.

వెనక కల్యాణ మండపం ఉంది. స్తంభాలు చెక్కారు, కప్పు వేయలేదు. రాజధనం అనుమతి లేకుండా ఖర్చుపెట్టాడని నింద పడితే, రాజు శిక్షించకముందే విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకు విసిరాడని, పని అక్కడితో ఆగిపోయిందని చెబుతారు. గోడ మీద ఆ ఎర్రటి మచ్చలు చూపిస్తారు. పచ్చబొట్ల అమ్మాయి ఆ స్తంభాల మధ్య తిరిగి వచ్చి, "సార్, దీన్ని కూడా అసంపూర్తి అని రాస్తారా?" అంది. రాయరమ్మా, దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి వెళ్తారన్నాను. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని సగం చెక్కిన స్తంభాన్ని గీసింది. భోజనానికి పిలిచినా లేవలేదు.

మొత్తం మీద తలకు 2,600 దాకా పడింది. ఇవ్వలేని పిల్లల వాటా బడి టీచర్లం పంచుకున్నాం. వచ్చే ఏడాది కూడా ఈ దారినే వెళ్తాం, ఆ లాడ్జికి తప్ప. ముందుగా సంక్రాంతి సెలవుల తర్వాత ఈ పదకొండు బొమ్మల్నీ మా బడి వరండాలో పెడుతున్నాం. పిల్లలు పక్కన నిలబడి చెబుతారు, సమయం పరిమితి లేదు. పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు రావడానికి వీలుగా సాయంత్రం ఆరు నుంచి తెరిచి ఉంచుతాం.