రైడ్ల కన్నా బాల్కనీయే ఎక్కువ గుర్తుంది

ఓర్లాండో డిస్నీ వరల్డ్ వెళ్లొచ్చాం అంటే చాలు, ఏ రైడ్ బాగుంది, లైన్ ఎంతసేపు అని అడుగుతారు అందరూ. నిజం చెప్పాలంటే రెండు ట్రిప్పులు వేసినా రైడ్ల పేర్లు నాకు సగం గుర్తులేవు. గుర్తున్నవల్లా మేం ఉన్న హోటళ్లు, అక్కడి తిండి, పొద్దున్నే బాల్కనీ ముందు నుంచి మెల్లగా నడిచిపోయిన జిరాఫీ.

మొదటిసారి డిస్నీ వాళ్ల హోటలే, విల్డర్‌నెస్ లాడ్జ్‌లో దిగాం. 1994లో తెరిచారు దీన్ని, అమెరికా నేషనల్ పార్కుల్లో ఉండే పాతకాలపు చెక్క లాడ్జిల పద్ధతిలో కట్టారు, ముఖ్యంగా ఎల్లోస్టోన్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ గుర్తొస్తుంది చూస్తే. లాబీలోకి అడుగు పెట్టగానే పిల్లలిద్దరూ తలలు పైకెత్తి అలా నిలబడిపోయారు, మా ఆయన సూట్‌కేస్ వాళ్లకి తగిలి ఆగేదాకా కదల్లేదు. ఫైర్‌ప్లేసే 82 అడుగుల ఎత్తు, గ్రాండ్ క్యాన్యన్‌లో రాతి పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా ఉంటాయో అలా పేర్చారు. నాకు మరీ నచ్చింది నీళ్ల సంగతి, లాబీలోనే ఒక ఊటలా మొదలై, అద్దాల కింద నుంచి బయటికి పోయి, వాగులా మారి, పూల్ దగ్గర జలపాతమై దూకుతుంది. మా చిన్నాడు ఒక ఆకు వేసి దాని వెంట పరిగెత్తాడు, నేనూ పరిగెత్తాను లెండి, వాడు జారిపోతాడేమోనని అని చెప్పుకున్నా. చెరువు వైపు గీజర్ కూడా ఉంది, అంటే నేలలోంచి వేడినీళ్లు పైకి చిమ్మే ఊటలాంటిది, పగలంతా గంటకోసారి నీళ్లు ఎగజిమ్ముతుంది, అది కృత్రిమమే అని అందరికీ తెలుసు, అయినా టైమ్ చూసుకుని మరీ వెళ్లి నిలబడతారు. డిస్నీ వరల్డ్‌లోని పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఇక్కణ్ణుంచి పడవలో పోవచ్చు, రోజంతా తిరిగి కాళ్లు లాగుతున్నప్పుడు రాత్రి ఆ చల్లగాలిలో పడవ మీద రావడం ఉంది చూశారూ, దానికే సగం డబ్బులు గిట్టుబాటు అయ్యాయి.

రెండోసారి అత్తయ్య, మావయ్య కూడా వచ్చారు కాబట్టి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ తీసుకున్నాం. విల్డర్‌నెస్ లాడ్జ్ గీసిన ఆర్కిటెక్ట్ పీటర్ డొమినిక్‌దే ఈ డిజైన్ కూడా, 2001లో తెరిచారు. మెయిన్ బిల్డింగ్‌ని జాంబో హౌస్ అంటారు, లాబీలో నైజీరియాకి చెందిన ఇగ్బో వాళ్ల ఇజెలె మాస్క్ ఉంది, 16 అడుగులు, దాని ముందు మావయ్య పావుగంట నిలబడ్డారు. సవానా వ్యూ రూమ్‌కి, అంటే బాల్కనీ ఎదురుగా జంతువులు తిరిగే గడ్డిమైదానం ఉండే రూమ్‌కి, మామూలు రూమ్ కన్నా బాగానే ఎక్కువ పెట్టాలి, ఎందుకు అన్నారు మావయ్య బుక్ చేసేటప్పుడు. మర్నాడు ఆరింటికి నేను లేచేసరికి ఆయనే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు, కాఫీ చల్లారిపోయింది, కింద అంకోలే ఆవుల గుంపు, కొమ్ములు చూస్తే ఒక్కోటి మనిషి చెయ్యంత పొడుగు. "ఈ కొమ్ములతో దీన్ని గుంజకి ఎలా కడతారమ్మా" అన్నారు, జీవితమంతా పాడి చేసిన మనిషికి వచ్చే డౌట్ అది. ఆ రోజు పార్కుకి రానని భీష్మించుకుని కూర్చున్నారు, టికెట్టు వేస్ట్, అయినా నాకేం బాధనిపించలేదు.

తిండి దగ్గరికొస్తే అక్కడ బోమా అని బఫే ఉంది, ఆఫ్రికన్ వంటలు, సూప్‌లు వదలకండి. స్వీట్లలో జీబ్రా డోమ్స్ అని చిన్న చిన్నవి, లోపల కాఫీ మూస్, పైన తెల్ల చాక్లెట్ పూత, దాని మీద నల్ల చారలు, మా పెద్దది ఎన్ని తిందో నేను లెక్కపెట్టడం మానేశాను. కానీ మాకు అన్నిటికన్నా నచ్చింది పక్కన అదే లాడ్జ్ రెండో బిల్డింగ్ కిడానీ విలేజ్‌లో ఉన్న సనా అనే రెస్టారెంట్. బ్రెడ్ సర్వీస్ అని తెస్తారు, నాన్, కుల్చా లాంటివి, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్లు. అత్తయ్య అన్నీ వరసగా వేలితో నాకి చూసి, చింతపండు చట్నీ తన వైపు జరిపేసుకుని, వెల్లుల్లి పచ్చడి మావయ్య వైపు తోశారు, మిగతావి మా ఇష్టం. కిటికీ అవతల జీబ్రాలు.

రెయిన్‌ఫారెస్ట్ కేఫ్ పూర్తిగా వేరే రకం, యానిమల్ కింగ్‌డమ్ పార్కు గేటు దగ్గరే ఉంటుంది. లోపలంతా తీగలు, అక్వేరియం, బొమ్మ గొరిల్లాలు, కాసేపటికోసారి లైట్లు ఆరిపోయి మెరుపులు ఉరుములు. మొదటి ఉరుముకే అత్తయ్య "బట్టలు లోపల వేశామా" అన్నారు. పిల్లలున్న వాళ్లు ఒకసారి వెళ్లొచ్చు, కబుర్లు చెప్పుకుంటూ నెమ్మదిగా తిందామనుకునే వాళ్లకి మాత్రం కాదు.

ఈ అడవి థీమ్ అన్నిచోట్లా కుదరదండోయ్. ఇంకో ఊళ్లో అడవి థీమ్ అని ఒక రిసార్ట్‌లో దిగాం, పేరెందుకులెండి, ప్లాస్టిక్ ఆకుల మీద దుమ్ము, రాత్రి పదకొండు దాటినా కారిడార్ స్పీకర్‌లో పిట్టల కూతలు. కింద ఫోన్ చేసి అడిగితే అది ఆపడం రాదన్నారు.

ఆ రెండు డిస్నీ లాడ్జిల్లో ఏది తీసుకోవాలి అంటే, మ్యాజిక్ కింగ్‌డమ్ ఎక్కువ తిరిగే ప్లానైతే విల్డర్‌నెస్ లాడ్జే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ నుంచి పక్కనే ఉన్న యానిమల్ కింగ్‌డమ్ పార్కుకైనా నడిచి పోలేం, ఎక్కడికైనా బస్సే. బడ్జెట్ సరిపోకపోతే సవానా వ్యూ వదిలేయండి, మామూలు రూమ్ తీసుకున్నా హోటల్ వెనకాల జంతువుల్ని చూసే చోట్లు ఉన్నాయి, అసలు అక్కడ దిగకపోయినా మధ్యాహ్నం భోజనానికి సనాకి వెళ్లొచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఆ బాల్కనీకి డబ్బులు పెట్టండి. మా మావయ్య ఇప్పటికీ వీడియో కాల్‌లో పిల్లల చదువులు అయ్యాక ఆ ఆవులు పూటకి ఎన్ని లీటర్లు ఇస్తాయో కనుక్కున్నావా అని అడుగుతూనే ఉన్నారు.