ఏనిడీబీలో ఫైళ్లను జతపరచడం: పేరు మేలా, హ్యాష్ మేలా?

మన డిస్కులో ఉన్న యానిమే (జపాన్ యానిమేషన్) ఫైలును ఏనిడీబీ అనే ఆన్‌లైన్ యానిమే డేటాబేస్‌లోని సరైన ఎపిసోడ్‌కు జతపరచడానికి రెండు దారులున్నాయి: ఫైలు పేరును బట్టి పోల్చడం, లేదా ఫైలు పరిమాణంతో పాటు, ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి ఈడీ2కే హ్యాష్‌ను బట్టి పోల్చడం.

శ్రమ: పేరు చదవడానికి క్షణం చాలు. హ్యాష్ కోసం ఫైలు మొత్తాన్నీ 97,28,000 బైట్ల ముక్కలుగా చదవాలి కాబట్టి, పాత హార్డ్‌డిస్కులోని పెద్ద సేకరణకు గంటలు పడుతుంది.

పొరపాటు: అసలు తేడా ఇక్కడే ఉంది. 'అటాక్ ఆన్ టైటన్' మొదటి సీజన్ (2013) 25 ఎపిసోడ్లు. పేరులో 26 అని ఉన్న ఫైలు, సీజన్లను వేర్వేరు పద్దులుగా చూపే ఏనిడీబీలో రెండో సీజన్ తొలి ఎపిసోడ్ అవుతుంది; పేరును నమ్మిన సాఫ్ట్‌వేర్ ఇక్కడ సులువుగా తడబడుతుంది. హ్యాష్‌కు ఆ అయోమయం లేదు. ఒకే ఎపిసోడ్‌కు రెండు అభిమాన బృందాలు విడుదల చేసిన ఫైళ్లను కూడా అది విడివిడిగా గుర్తిస్తుంది. అయితే ఎమ్‌కేవీ రకం వీడియో ఫైలులో ఒక్క సబ్‌టైటిల్ ట్రాకు చేర్చినా హ్యాష్ మారిపోతుంది. అందుకే నేను సబ్‌టైటిళ్లను విడి ఫైళ్లుగానే ఉంచుతాను.

సొంత డీవీడీల నుంచి తీసిన ఫైళ్లకు, మార్పులు చేసిన వాటికి పేరే దిక్కు. విడుదలైన ఫైలును ముట్టుకోకుండా దాచుకునేవారికి హ్యాషే నయం.