ఆడమాట, మగమాట: తేడాకి ఏ వివరణ మేలు?

కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, ఆడవాళ్ళు ఒకలా, మగవాళ్ళు ఒకలా ఎందుకు మాట్లాడతారు?" దీనికి ముఖ్యంగా రెండు జవాబులున్నాయి. రెండింటితోనూ పాఠం చెప్పి చూశాను.

మొదటిది పెంపకం. అమెరికన్ భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ 1990లో దీన్ని జనంలోకి తెచ్చారు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు చేరి కబుర్లతో స్నేహం కలుపుకుంటారు. మగపిల్లలు గుంపులో తమదే పైచేయి అనిపించుకోడానికి మాట వాడతారు. పెద్దయ్యాకా అదే అలవాటు. భార్య ఆఫీసు గొడవ చెప్పుకుంటుంటే భర్త "అయితే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు" అని తేల్చేస్తాడు. "నేను సలహా అడిగానా?" అంటుందావిడ. తప్పు ఎవరిదీ కాదనే వివరణ కాబట్టి ఇంట్లో వాడుకోడానికి హాయిగా ఉంటుంది.

రెండోది హోదా. నా ఓటు దీనికే.

నమ్మకం లేనట్టు నాన్చడం, చివర్లో "కదా?" అని తగిలించడం, అతి మర్యాద: ఇలాంటివి ఆడవాళ్ళ మాటకి గుర్తులని 1970లలో మరో అమెరికన్ భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ రాశారు. తర్వాత విలియం ఒబార్, బోమన్ ఆట్కిన్స్ అమెరికాలోని నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటలు పరిశీలించి, 1980లో ఫలితం ప్రచురించారు. హోదా తక్కువున్న మగ సాక్షులూ అలాగే నాన్చారు. నిపుణురాలిగా వచ్చిన డాక్టరమ్మ మాటలో ఆ గుర్తులు బాగా తక్కువ. అది ఆడ భాష కాదు, బలం లేనివాళ్ళ భాష అన్నారు వాళ్ళు.

మనకి కోర్టు దాకా ఎందుకు? ఇంట్లో గొంతు పెంచితే గోడలదిరే మనిషి, కూతురి పెళ్ళి మాటల్లో మగపెళ్ళివారి ముందు "తమరెలా అంటే అలాగేనండీ, ఏదో మా శక్తి కొద్దీ..." అని నసుగుతాడు. చాలా ఇళ్ళలో భార్య "మీరు" అంటుంది, భర్త "నువ్వు" అంటాడు. అది పెంపకంలో వచ్చిన అలవాటే అనుకున్నా, ఎవరు ఎవర్ని "మీరు" అనాలో నిర్ణయించింది హోదాయే. నా సంగతే చూడండి. క్లాసులో "రేపటికి రికార్డు రాకపోతే మార్కులుండవు" అంటాను. ప్రిన్సిపాల్ గదిలో "సార్, వీలైతే... ఒక్క పూట..." అంటాను. ఈ గదికీ ఆ గదికీ మధ్య నేను ఆడదాన్నయిపోలేదు కదా!

అన్నిటికీ ఇది సరిపోదు. సమానంగా సంపాదించుకుంటూ, ఒకర్నొకరు "నువ్వు" అనుకునే జంటల్లోనూ ఆ హెచ్ఆర్ మెయిల్ గొడవ వస్తూనే ఉంటుంది.

మెదడు, హార్మోన్లు అనే మూడో వివరణా ఉంది. క్లాసులో దానికి ఐదు నిమిషాలు చాలు. ఆడవాళ్ళే వాగుతారన్నదానికి మాత్రం 2007లో ఒక లెక్క వచ్చింది: దాదాపు 400 మంది కాలేజీ విద్యార్థుల మాటలు రికార్డు చేస్తే ఇద్దరివీ రోజుకి సుమారు 16,000 పదాలే. ఈమధ్య ఇంకా ఎక్కువ మందితో చేసినప్పుడు మధ్యవయసులో ఆడవాళ్ళ వైపు కొంత మొగ్గు కనిపించింది.

ఇంటర్వ్యూలకి తయారయ్యే పిల్లలకి ఇప్పుడు హోదా వివరణే చెబుతున్నాను, ముఖ్యంగా ప్రతి వాక్యం "అనుకుంటున్నాను సార్"తో ముగించే అబ్బాయిలకి. కొత్తగా పెళ్ళయిన పాత విద్యార్థులు ఫోన్ చేస్తే మాత్రం టానెన్‌నే బయటికి తీస్తాను.