పుర్రె అచ్చులో పండ్ల జెల్లీ: మూడు వేసవుల వాడకం తరువాత

పొంగణాల పెనంలాగా ఆరు గుంతలున్న పుర్రె ఆకారపు సిలికాన్ అచ్చును ఆన్‌లైన్‌లో 280 రూపాయలకు తెప్పించుకుని, కందుకూరులోని మా ఇంట్లో మూడేళ్లుగా వాడుతున్నాను. పెట్టె మీద గుమ్మడికాయ, గబ్బిలం బొమ్మలు వేసి, అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ కోసమని రాశారు. మా పిల్లలకు దయ్యాల కథలు కావలసింది మాత్రం వేసవి సెలవుల్లో, మిద్దె మీద పక్కలు పరుచుకున్న తరువాతే. అందువల్ల దీనిని ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే వాడాను. మొదటిసారి పళ్లెంలో ఆరు పుర్రెలు పేర్చి తెచ్చినప్పుడు మా అత్తగారు, “ఇదేంది అమ్మాయ్, పొద్దుగుంకేపూట ఇంట్లో పుర్రెలు పెట్టుకుంటా ఉండావు!” అని విసుక్కున్నారు. ఇప్పుడు కొబ్బరిపాలు తీసి ఇచ్చేది ఆవిడే.

మొదటి వేసవిలో జెలటిన్‌తో మొదలుపెట్టి నష్టపోయాను. పచ్చి అనాస ముక్కలు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా తెల్లవారేసరికి గుంతల్లో నీళ్లే మిగిలాయి. పచ్చి అనాసలోని బ్రొమిలైన్ అనే ఎంజైము జెలటిన్‌ను, అంటే ప్రొటీనును, విరగ్గొడుతుందని తరువాత తెలుసుకున్నాను. అనాసను ఉడికించి వేస్తే గట్టిపడింది కానీ, జెలటిన్ 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కనుక, రాత్రి ఎనిమిదింటికి కూడా గచ్చు వేడి తగ్గని మా మిద్దె మీద ఆ పుర్రెలు కథ సగంలో ఉండగానే చప్పబడిపోయాయి. పైగా జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారని చదివిన వెంటనే శాకాహారి అయిన మా అత్తగారి గిన్నెను పక్కకు తీయవలసి వచ్చింది.

అప్పటి నుంచి సముద్రపు ఎర్రనాచు నుంచి తీసే చైనా గ్రాస్ తప్ప మరొకటి వాడలేదు. అర లీటరు నీటికి 5 గ్రాముల పొడి కలిపి, పూర్తిగా కరిగేదాకా రెండు మూడు నిమిషాలు తెర్లనిస్తే, అచ్చులో నుంచి తీసినప్పుడు ముక్కు, పళ్లు విరగకుండా వచ్చేంత గట్టి జెల్లీ అవుతుంది. ఇది ఒకసారి గట్టిపడిన తరువాత దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు కనుక మా ఎండలకు బెదరదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇది గట్టిపడేది 35, 40 డిగ్రీల మధ్య. ఫ్రిజ్ అక్కరలేదని చాలామంది చెబుతారు కానీ, మే నెల మధ్యాహ్నం మా వంటగదిలో ఆ మాట చెల్లదు. అచ్చును చల్లని నీళ్లున్న వెడల్పాటి బేసిన్‌లో ఉంచితే సరిపోతుంది. పులుపుతో కలిపి ఎక్కువసేపు మరిగిస్తే దీని బిగువు తగ్గుతుంది కాబట్టి పొదలకూరు నిమ్మకాయ పిండేది పొయ్యి ఆపిన తరువాతే.

ఇక అచ్చు విషయానికి వస్తే, అమ్మేవారు చెప్పని సంగతి ఒకటి ఉంది. పుచ్చకాయ రసంతోనో ద్రాక్షరసంతోనో పోస్తే జెల్లీ పారదర్శకంగా ఉండి, వెలుతురు లోపలి నుంచి దూసుకుపోతుంది. అప్పుడు కంటి గుంటలు, దవడ గీతలు ఏమీ కనబడక పుర్రె కాస్తా రంగు ముద్దలా ఉంటుంది. ముఖం తెలియాలంటే నీడ పడాలి, నీడ పడాలంటే జెల్లీ తెల్లగా, చిక్కగా ఉండాలి. అందుకు కొబ్బరిపాలను మించినవి లేవు. శంఖుపుష్పాలు మరిగించిన నీలి నీళ్లు కొంచెం కలిపితే బూడిద నీలం రంగు వచ్చి, ముట్టుకోవడానికి పెద్దవాళ్లే వెనకాడతారు. ఉలవపాడు మామిడిపండ్లు ఇంట్లో ఉండగా ఊరుకోలేక గుజ్జుతో కూడా చేశాను. రుచికి వంక పెట్టలేం కానీ, ఆ పుర్రెలు నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా కనిపించాయి.

కొబ్బరిపాలతో ఓపిక కావాలి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన చల్లని పాలు పోస్తే చైనా గ్రాస్ అక్కడికక్కడే ఉండలు కడుతుంది. గోరువెచ్చగా చేసి కలిపినా, వేడివేడిగా అచ్చులో పోస్తే వెన్న పైకి తేలి నీళ్లు అడుగుకు దిగుతాయి. అచ్చులో ముఖం అడుగునే ఉంటుంది కదా, బోర్లించి చూసేసరికి తల వెనక భాగం తెల్లగా, ముఖం మాత్రం గాజులా వచ్చింది. మిశ్రమం గరిటెకు కొద్దిగా అంటుకునేదాకా కలుపుతూ ఉండి, అప్పుడు పోయడం మొదలుపెట్టాక ఆ లోపం పోయింది.

అచ్చుకు 280 రూపాయలు పెట్టాను కానీ అందరినీ బాగా భయపెట్టినవి ఏ అచ్చూ అక్కరలేని తాటి ముంజలే. తాటిచెట్టు మీద దయ్యం ఉంటుందని ఎలాగూ మన కథల్లో చెబుతారు. లేత ముంజను లోపలి నీళ్లు కారిపోకుండా గోటితో మెల్లగా వలిచి, వగరుగా ఉండే పై పొరంతా తీసేస్తే పాలనీలపు కనుగుడ్డు తయారు. పైనున్న సహజమైన చిన్న లొత్తును చెంచా మొనతో కొంచెం పెద్దది చేసి, సగానికి కోసిన నల్లద్రాక్షను బోర్లించి అద్ది, బీట్‌రూట్ రసంలో ముంచిన పుల్లతో నాలుగు సన్నని గీతలు గీస్తే, పుచ్చకాయ రసంలో తేలుతూ అది మనవైపే చూస్తుంది. కొరికితే లోపలి నీళ్లు నోట్లో చిమ్ముతాయి. మా పెద్దబ్బాయి మొదటిసారి ఉలిక్కిపడి గిన్నె వదిలేశాడు. చిన్నపిల్లలకు ఇచ్చేటప్పుడు మాత్రం ముంజను, ద్రాక్షను చిన్న ముక్కలుగా కోసి ఇవ్వాలి.

అక్టోబరులో ముంజలు దొరకవు. తెల్లగా ఉంటుందని సీతాఫలం గుజ్జుతో పుర్రెలు చేయబోయాను. మరుగుతున్న మిశ్రమంలో వేసేసరికి గుజ్జు చేదెక్కి మొత్తం పారబోశాను. రెండోసారి, మిశ్రమం వేలు పెట్టి ఓర్చుకునేంత చల్లారాక, గట్టిపడే లోపల గబగబా కలిపేశాను. రుచి బాగుంది, పుర్రెలు మాత్రం అక్కడక్కడ గడ్డలు కట్టాయి.

అచ్చు నాణ్యత ఫరవాలేదు. పలచగా ఉండటం వల్ల నింపిన తరువాత ఎత్తితే వంగిపోతుంది, కాబట్టి కింద పళ్లెం పెట్టుకునే పోయాలి. ఫ్రిజ్‌లోని వెల్లుల్లి వాసనను పీల్చుకుంటుంది. వంటసోడా కలిపిన వేడి నీళ్లలో నానబెడితే కొంతవరకు తగ్గుతుంది. మా బోరు నీటికి పేరుకునే తెల్లటి పొర నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. జెల్లీ రెండోరోజుకు నీరు వదులుతుంది కానీ అది అచ్చు తప్పు కాదు.

ఈ వేసవిలో ఒక గుంత దవడ దగ్గర చిరిగింది. ఆ చీలికలో నుంచి కొంత కారిపోయి, ఆ ఒక్క పుర్రె దవడ సగం ఊడినట్టు వంకరగా వస్తోంది. పళ్లెం కింద పెట్టగానే పిల్లలు పోట్లాడుకునేది దానికోసమే.