ఫ్లిప్ కీ షెల్ కిట్: కొనే ముందు పాత కీ విప్పి చూడండి

ఫ్లిప్ కీ అంటే బ్లేడ్ లోపలికి మడిచే కారు రిమోట్ తాళం, షెల్ అంటే దాని పైతొడుగు. బటన్ల రబ్బరు చిరిగినా, బ్లేడ్ మడత దగ్గర ప్లాస్టిక్ విరిగినా ఈ కిట్ నిక్షేపంగా పనికొస్తుంది. బటన్ నొక్కితే కారు పలకడం లేదన్నదే మీ సమస్య అయితే మాత్రం షెల్ మార్చి లాభం లేదు. కిట్‌లో వచ్చేవి ఖాళీ షెల్, రబ్బరు, కట్ చెయ్యని బ్లేడ్, స్ప్రింగు. సిగ్నల్ పంపే బోర్డు మీ పాత కీలోదే వాడుకోవాలి.

ముందు సెల్ చూడండి. చాలా కీలలో ఉండే బిళ్ల సెల్ సీఆర్2032 కొత్తదైతే మల్టీమీటర్‌లో 3 వోల్టులకు పైనే చూపిస్తుంది. 2.8 కంటే తగ్గితే మార్చేయండి. సీఆర్2025 వెడల్పు కూడా అంతే కాబట్టి పట్టినట్టే ఉంటుంది, కానీ మందం 3.2 బదులు 2.5 మి.మీ. కాబట్టి వదులుగా కూర్చుని మధ్యమధ్యలో కాంటాక్ట్ పోతుంది.

సెల్ బాగుండి ఒక్క బటనే మొరాయిస్తోందంటే అనుమానించాల్సింది దాని కిందున్న మైక్రో స్విచ్‌ని. సెల్ తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, స్విచ్ కాళ్ల మధ్య చూడండి. నొక్కినప్పుడు బీప్ రాకపోతే స్విచ్ పోయినట్టే. కొన్ని కిట్‌లతో స్విచ్‌లు కూడా ఇస్తారు, అదే పెద్ద చిక్కు. వాటి ఎత్తు పాతవాటితో సరిపోలకపోవచ్చు. అర మిల్లీమీటరు ఎక్కువైనా మూత బిగించగానే బటన్ నొక్కుకుపోయి ఉంటుంది, కొత్త సెల్ త్వరగా అయిపోతుంది. తక్కువైతే రబ్బరు స్విచ్‌ని అందుకోదు. పాత స్విచ్‌ని కాలిపర్‌తో కొలిచి, అదే ఎత్తుది విడిగా కొనడం నయం.

స్విచ్ తీసేటప్పుడు కాళ్లకు ఫ్లక్స్ (సోల్డర్ సాఫీగా పారేలా చేసే పేస్టు) రాసి, కొద్దిగా కొత్త సోల్డర్ కలిపి, ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టి కరగనివ్వండి. కరగకుండా లాగితే రాగి ప్యాడ్ ఊడి వస్తుంది. ఇక బోర్డు బాగుచెయ్యడం కష్టం. అదే ఊపులో సెల్ క్లిప్పు అతుకులను భూతద్దంతో చూడండి. చుట్టూ సన్నటి వలయంలా పగులు కనిపిస్తే మళ్లీ సోల్డర్ పెట్టాలి. కీ కింద పడ్డాక ఆగిఆగి పని చేస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

ట్రాన్స్‌పాండర్ చిప్, అంటే కారు తన తాళాన్ని గుర్తుపట్టే చిప్, దాని సంగతి అస్సలు మరవొద్దు. కొన్ని కీలలో అది బోర్డు మీదే ఉంటుంది, చాలావాటిలో షెల్ మూలలో నల్లటి చిన్న ముక్కగానో గాజు గొట్టంగానో ఉంటుంది. దానికి సెల్‌తో పని లేదు. పాత షెల్‌తో పాటు పారేస్తే తలుపులు తెరుచుకుంటాయి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. అంటించి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా చుట్టూ ప్లాస్టిక్ కోసి తీయండి. కొత్త షెల్‌లో దానికి గూడు లేకపోతే ఆ కిట్ తీసుకోవద్దు.

బ్లేడ్‌ని పట్టి ఉంచే సన్నటి పిన్‌ని పంచ్‌తో కొట్టి తీసి, బ్లేడ్ అడుగు భాగం ఆకారం కొత్తదానితో కలిస్తే పాత బ్లేడ్‌నే కొత్త షెల్‌కు మార్చుకోండి. తాళం మళ్లీ కట్ చేయించే పని తప్పుతుంది. స్ప్రింగుని కొంచెం మెలిపెట్టి బిగించకపోతే బ్లేడ్ సగంలోనే ఆగుతుంది.

షెల్‌కు జిగురు పెట్టేది మాత్రం అన్ని బటన్లూ నొక్కి చూసి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే.