చదువు అప్పు తీరకముందే వంటవృత్తిలోకి: మళ్లీ కోర్సా, నేరుగా కిచెనా?

ఉద్యోగం మానేసి కిచెన్‌లోకి వెళ్లాలనుంది, చదువు లోన్ ఇంకా తీరలేదు, కలినరీ కోర్సు చేయాలా, నేరుగా పనిలో చేరిపోవాలా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసేస్తున్నాను.

కోర్సుని తీసిపారేయలేం. కత్తి పట్టడం, స్టాకులు (ఎముకలు, కూరగాయలు మరిగించి తీసే రసాలు), సాసులు, ఫుడ్ సేఫ్టీ, కాస్టింగ్ (వంటకానికయ్యే ఖర్చు లెక్క) అన్నీ ఒక వరసలో నేర్పిస్తారు. పనిలో ఆ వరస దొరకదు. కూరగాయల సెక్షన్‌లో వేస్తే నెలల తరబడి అక్కడే, పక్కనే సాస్ ఎలా చేస్తున్నారో చూసే తీరిక కూడా ఉండదు. ఇంటర్న్‌షిప్‌తో పెద్ద హోటళ్లకి దారి దొరుకుతుంది. పేస్ట్రీ మీద మనసున్నవాళ్లకైతే, అది కొలతల మీద, ఉష్ణోగ్రతల మీద నడిచే పని కాబట్టి, కోర్సే మేలని చెప్తాను.

కానీ డిప్లొమా ఉన్నా చాలాచోట్ల మొదలుపెట్టేది కింది మెట్టు మీదే, అంటే కమీ (పెద్ద చెఫ్‌ల కింద పనిచేసే జూనియర్ వంటవాడు)గానే. నా దృష్టిలో అసలు లెక్క ఇక్కడే ఉంది. చదువుకునే రెండేళ్లూ పాత లోన్ వాయిదాలు ఆపించుకోవచ్చు అనుకుంటారు, కొన్ని లోన్లకి ఆ వీలుంటుంది కూడా. వాయిదా ఆగినా వడ్డీ ఆగకపోతే? బాకీ 100 అనుకోండి, ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ, రెండేళ్లయ్యేసరికి 120. దాన్ని అసలులో కలిపేస్తే ఇక వడ్డీకి వడ్డీయే, గడువు అంతే ఉంటే నెల వాయిదా కూడా ఐదో వంతు పెరుగుతుంది. దీనికి తోడు కొత్త ఫీజు కోసం ఇంకో లోన్ అంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. పోనీ గడువు పెంచుకుందామంటే, అదే 10 శాతానికి 100 తీసుకుని నెలనెలా సమాన వాయిదాల్లో ఐదేళ్లలో తీరిస్తే మొత్తం 127 చిల్లర కడతాం, పదేళ్లయితే 158 దాటుతుంది.

నేరుగా చేరితే కొత్త అప్పుండదు, నేర్చుకుంటూ జీతం వస్తుంది. ఇది కొత్త దారేం కాదు, పేరుమోసిన ఫ్రెంచ్ చెఫ్ ఎస్కోఫియే పదమూడేళ్లకే బాబాయి రెస్టారెంట్లో పనికి కుదిరాడు. అయితే ఆ వయసులో ఆయనకి నెలనెలా కట్టాల్సిన బాకీ లేదు, మనకుంది. నిన్నటి ఆఫీసు జీతం మీద వేసుకున్న వాయిదాని ఇవాళ కమీ జీతంలోంచి కట్టాలి. పది గంటలు నిలబడి, సంచుల కొద్దీ ఉల్లిపాయలు ఒకే సైజులో తరిగి, కటింగ్ బోర్డు జారకుండా కింద తడిగుడ్డ వేసుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, రాత్రి స్టవ్‌లు తోమి ఇంటికెళ్లాక బ్యాంకు మెసేజ్ చూస్తే, వంట మీదున్న ఇష్టం ఎంతకాలం నిలుస్తుందో ఆలోచించుకోండి.

అందుకే నేను ఎంచుకున్నది, అడిగినవాళ్లకి చెప్పేది మూడో దారి: ఉద్యోగం ఉంచుకుని వారాంతపు షిఫ్టులు చేయడం. కిచెన్లకి మనుషులు కావలసిందీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. పని చేతికొస్తుంది, వచ్చే కాస్త డబ్బూ చన్నీళ్లకు వేడినీళ్లలా కలుస్తుంది. మీ ఉద్యోగ ఒప్పందం రెండో పనికి ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. బ్రిటిష్ చెఫ్ హెస్టన్ బ్లూమెంతాల్ పగలు ఉద్యోగాలు చేస్తూ రాత్రుళ్లు ఫ్రెంచ్ వంట సొంతంగా నేర్చుకున్నాడు, 1995లో ఫ్యాట్ డక్ అనే రెస్టారెంట్ తెరిచాడు. పగలు చేసినవాటిలో బాకీల వసూలు పని కూడా ఉంది!

దీంతోపాటు ఇంకొకటి చేయండి. కమీకి ఎంతిస్తారో కనుక్కుని, ఇప్పట్నుంచే ఆరు నెలలు ఆ డబ్బులోనే వాయిదా, అద్దె, తిండి అన్నీ సర్దుకోండి. మిగిలిన జీతమంతా లోన్ అసలుకి కట్టేయండి, అది అసలులోకే వెళ్తోందా అని స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. ఆరు నెలలూ సాగిందంటే రాజీనామా ఇచ్చేయొచ్చు. సాగకపోతే ఇంకొంత బాకీ తగ్గేదాకా ఆగాలి, అంతే.

ఆన్‌లైన్ కోర్సులు రుచుల గురించి తెలుసుకోవడానికి బాగుంటాయి, సర్వీస్ వేగాన్ని నేర్పలేవు. సొంత క్యాటరింగ్ అంటే పెట్టుబడి కావాలి, కాబట్టి అప్పుండగా వద్దు.

చేరేముందు ట్రయల్ షిఫ్ట్ చేయండి, ఓవర్‌టైమ్‌కి డబ్బులిస్తారా, టిప్పుల్లో కిచెన్‌కి వాటా ఉందా, భోజనం పెడతారా, జీతం ఏ తేదీన పడుతుందో అడగండి. అది వాయిదా తేదీ తర్వాతైతే, చేరకముందే బ్యాంకుకి వెళ్లి తేదీ మార్పించుకోండి.